ముప్పై ఏడున్నర దగ్గర ఆగిపోయిన పెట్టె

కోడలు ఫోన్లో అన్నది “బోర్డు.” అత్తగారి చెవిలో పడ్డది “మొగుడు.” మధ్యలో డ్రిల్లింగ్ మిషను గర్రుమంటోంది. చిల్లు పడాల్సింది రేకుకి, పడింది కాపురానికి.

పోయినవారం మనం ఆగింది అక్కడే. “ఏరికోరి తెచ్చుకున్న బోర్డు. చూడ్డానికి చురుగ్గానే ఉంటుంది. వేడిలో పెడితే మాత్రం నోరు మెదపట్లేదు. వదిలేసి ఇంకోటి చూసుకోమంటున్నారు ఇంట్లో,” అని కోడలు తన స్నేహితురాలితో మొత్తుకుంటోంది. అత్తగారు బోర్డు ఉన్నచోటల్లా మొగుణ్ణి కూర్చోబెట్టి విన్నారు. విన్నది విన్నట్టు కొడుక్కి చేరవేశారు. “ఇంకోటి అందిరా! ఇంకోడు అని కూడా అనలేదు. నిన్ను మనిషి కింద కూడా లెక్కపెట్టట్లేదు!”

ఆ రాత్రి నుంచి కొడుకు పెళ్ళాంతో మాట మానేశాడు. వర్క్‌షాపులో పెట్టెలకి మూతలు బిగించేది అతనే. గీత తిన్నగా లేకపోతే అన్నం సహించని మనిషి. అందుకే అందరూ స్కేలుబాబు అంటారు. స్కేలుబాబు మూతలతో పాటు మూతి కూడా బిగించేశాడు.

వాళ్ళు చేసేవి వేడికి కాపలా కాసే పెట్టెలు. పొదిగే యంత్రంలోనో చల్లగదిలోనో తగిలిస్తే, లోపల వేడి ఎంతుందో చూస్తూ ఉంటుంది. హద్దు దాటగానే యజమాని ఫోనుకి కేక పెడుతుంది. గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే హేచరీ నడిపే ఆవిడ కొన్న పెట్టె ఆ కేక పెట్టలేదు. యంత్రం నలభై ఒక డిగ్రీలకి ఎగబాకుతుంటే పెట్టె మాత్రం నిమ్మకి నీరెత్తినట్టు ముప్పై ఏడున్నర, ముప్పై ఏడున్నర అని చూపిస్తూ కూర్చుంది. అల్లరి చెయ్యాల్సిన అలారం అలిగి పడుకుంది. పొదగాల్సిన మూడువేల గుడ్లు ఉడికాయి. పెట్టెకి బుర్రలాంటి ఆ వైర్‌లెస్ బోర్డుని ఎంచింది కోడలు. ఇంకేం, కోడిపిల్లలు పోయినందుకు కోడలిపిల్ల మీద పడ్డారు.

మావగారు తీర్పు ముందే చెప్పేశారు. పదకొండింటికి ఆవిడ వస్తుంది. కోడలు ఆవిడ ముందు తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకుని కిటికీ పక్క తన బల్ల ఖాళీ చెయ్యాలి. రేపటి నుంచి మళ్ళీ పాత బోర్డులే, పాత తీగలే. ఆ బల్ల సంపాదించుకోవడానికి కోడలికి ఆరేళ్ళు పట్టింది. మొదటి మూడేళ్ళూ స్క్రూలు లెక్కపెట్టింది. ఖాళీ చెయ్యమని చెప్పడానికి మావగారికి ఆరు క్షణాలు పట్టింది.

*

పదకొండు కాకుండానే హేచరీ ఆవిడ వచ్చేసింది. చంకలో పెట్టె, రెండు చేతుల్లో గుడ్ల ట్రే. కూర్చోమంటే వినిపించుకోలేదు. మావగారి పరీక్షబల్ల మీద, ఆయన ప్రాణంలో ప్రాణమైన మీటరు పక్కనే ట్రే పెట్టింది. ముప్పై గుడ్లు. ఒక్కదానికీ పగులు లేదు.

“వినండి,” అంది.

అందరూ విన్నారు. ఏమీ వినపడలేదు.

“అదీ సంగతి! పంతొమ్మిదో రోజుకి చెవి ఆనిస్తే లోపల గోకుతున్నట్టు వినపడాలి. మూడువేలలో ఒక్కటి గోకట్లేదు. గుడ్డిపెట్టెని నమ్మి నా గుడ్లన్నీ అప్పజెప్పాను. దీన్ని చేసిందెవరో ముందుకి రమ్మనండి.”

కోడలు ఒక అడుగు వేసేలోపు మావగారు రెండడుగులు వేశారు.

“అమ్మా, నా చేతిమీదుగా వెళ్ళని పెట్టె ఈ గుమ్మం దాటదు. ముందు పరీక్ష చూడండి. తర్వాత తిట్టండి.”

పెట్టె పక్కనున్న పరీక్ష బటన్ నొక్కి, సెన్సర్ని గుప్పిట్లో బిగించారు. తెరమీద ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై రెండు. ముప్పై నాలుగు. మెట్లెక్కినట్టు ఎక్కింది.

“చూశారా? సెన్సర్‌కి సెన్సుంది.”

“అంటే నాకు లేదా?” హేచరీ ఆవిడ గొంతు లేచింది. “నేను అబద్ధమాడుతున్నానా?”

“అలా అనలేదమ్మా…”

“అనడానికి ఇంకేం మిగిల్చారు పెద్దాయనా! మూడువేల గుడ్లు నేనే ఉడకేసుకున్నానా, ఉప్పూకారం చల్లుకు తిందామని?”

మావగారి ముఖం ఎర్రబడింది. ఆవిణ్ణి ఏమీ అనలేక కోడలి వైపు తిరిగారు. మన ఇళ్ళలో కోపానికి పల్లం ఎటో ఎప్పుడూ తెలుసు.

“తప్పు బోర్డుదమ్మా. పాత బోర్డు తీగతో మాట్లాడేది, నెమ్మదిగా మాట్లాడేది, నిజం మాట్లాడేది. మా కోడలి కంటికి అది ఆనలేదు. కొత్తదానికి రెండు కోర్లట, కోరినంత వేగమట, గాల్లోనే కబుర్లట! చిప్పు చూసి మురిసింది. ఇప్పుడు అందరి చేతికీ చిప్ప వచ్చింది.”

“మావయ్యా!” కోడలి గొంతు డ్రిల్లింగ్ మిషన్ని మించింది. “పాత బోర్డుకి తీగ లాగాలంటే వీళ్ళ గోడలకి పన్నెండు చిల్లులు పొడవాలి. నేల కడిగినప్పుడల్లా తీగలు తడిసి చచ్చేవి. బాగుచెయ్యడానికి పోయినేడాది ఎన్నిసార్లు పరిగెత్తారో మీ మోకాళ్ళని అడగండి. మూడు రకాల బోర్డులు తెప్పించి నెలరోజులు చూశాను నేను. ఒకటి గోడ అడ్డమొస్తే పలకలేదు. ఒకటి తెలివైనదే, కానీ బ్యాటరీని పూటకొకటి మింగింది. దీనికి ఒక బుర్ర గాలికబుర్లు చూసుకుంటే రెండో బుర్ర మన పని చూస్తుంది. యాంటెన్నా పెట్టె బయటికి తీసుకోవచ్చు. అందుకని ఎంచుకున్నాను. ముచ్చటపడి కాదు!”

“ఎంచుకుంటావు! ఎంచుకుని వదిలేస్తావు!” మూలనుంచి స్కేలుబాబు పేలాడు. రెండ్రోజుల మౌనం ఒక్కసారి బద్దలైంది. “వేడిలో పెడితే నోరు మెదపనా నేను? ఇదిగో మెదిపాను! ఇంకోటి చూసుకుంటావటగా, చూసుకో! దానికైనా యాంటెన్నా ఉందో లేదో కనుక్కో!”

వర్క్‌షాపు మొత్తం కళ్ళప్పగించింది.

“ఎవరన్నారు?” అంది కోడలు.

“అమ్మ విన్నది. ఫోన్లో నీ నోటితో నువ్వే అన్నావట. మొగుడు పనికిరాడని.”

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు టీ కప్పుల వైపు చూశారు.

“బోర్డు అత్తయ్యా! బోర్డు అన్నాను! బో, ర్డు! ఇంట్లో మొగుడు నోరు మెదపకపోతే ఊరంతా ఫోన్లు చేసి చెప్పుకుంటానా? హాయిగా నిద్రపోతాను!”

“మిషను మోతలో… అలాగే వినపడింది మరి,” అన్నారు అత్తగారు. “పైగా నువ్వు ఏరికోరి అన్నావు.”

స్కేలుబాబు ముఖం వంకరపోయింది. అతని జీవితంలో వంకరపోవడం అదే మొదలు.

“అయ్యా, మీ మొగుడూపెళ్ళాల పంచాయితీ తర్వాత పెట్టుకోండి,” హేచరీ ఆవిడ ట్రే మీద అరచెయ్యి ఆనించింది. “నేను చచ్చినవాటిని పట్టుకుని నిలబడ్డాను.”

ఆ మాటతో కోడలి కోపంలోంచి ఆవిరి పోయింది, నిప్పు మిగిలింది. పెట్టెని చూసింది, బటన్ని చూసింది.

“మావయ్యా, వాళ్ళ దగ్గర ఈ పెట్టె గాలి సిగ్నల్ మీద నడుస్తుంది. మీ పరీక్ష బటన్ నొక్కితే సిగ్నల్ ఆగిపోతుంది. మీరు అడిగారని నేనే అలా రాశాను. ఇప్పుడు సిగ్నల్ ఉండగా పరీక్షిద్దాం.”

“నా బల్లమీదా?”

“ఆ, మీ బల్లమీదే.”

“కుదరదు.”

ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. ఎప్పుడో ఎవరిదో ఫోను ఆ బల్లమీద మోగితే మీటరు ముల్లు గంతేసింది. చెడిపోయాయనుకుని మావగారు నిక్షేపంలాంటి పెట్టెలు ఒక బండెడు తుక్కులో వేయించారు. నిజం తెలిశాక రెండ్రోజులు అన్నం తినలేదు. ఆనాటి నుంచి ఆ బల్లకి సిగ్నల్ సోకకూడదు. సిగ్గు పోయినా ఫర్వాలేదు, సిగ్నల్ మాత్రం రాకూడదు. పెట్టె ఏదైనా ముందు దాని నోరు మూయించాలి, తర్వాతే పరీక్ష. ఇరవయ్యేళ్ళుగా అదే చట్టం.

“నోరు మూసి సాక్ష్యం అడిగితే ఏం చెప్తుంది మావయ్యా? అన్నీ బాగున్నాయనే అంటుంది! పెట్టె అయినా అంతే, కోడలైనా అంతే!”

“నా ఇంట్లో నువ్వు నాకు పరీక్షలు నేర్పిస్తావా?”

“మీ బల్లమీద నేర్పను లెండి.”

చటుక్కున పెట్టె అందుకుంది. గుమ్మం దగ్గర ముక్కాలిపీట ఉంటే దానిమీద పెట్టింది. హేచరీ ఆవిడ వైపు చెయ్యి చాచింది.

“మీ ఫోను ఇవ్వండమ్మా. మీ దగ్గర ఎలా నడిచిందో అచ్చం అలా నడిపిస్తాను. తప్పు నాదైతే మీ కాళ్ళ దగ్గరే ఒప్పుకుంటాను. ఆ బల్లా ఈ ఇల్లూ కూడా ఖాళీ చేస్తాను.”

ఆవిడ ఒక్క క్షణం కోడల్ని ఎగాదిగా చూసి ఫోను ఇచ్చింది.

కోడలు ఆపి మళ్ళీ వేస్తే పెట్టె లేచింది. ఇరవై తొమ్మిది చూపించింది. ఫోను సిగ్నల్ అందుకుంది. పక్కన చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. కోడలు అత్తగారి చేతిలోంచి మావగారి టీ కప్పు లాక్కుని, పొగలు కక్కుతున్న టీలో సెన్సర్ ముంచింది.

ఇరవై తొమ్మిది.

అందరూ వంగారు. కప్పు పట్టుకున్న వేళ్ళు కాలుతున్నాయి. తెరమీద ఇరవై తొమ్మిదే. అరనిమిషం గడిచింది. ఇరవై తొమ్మిది.

“ఇదే!” హేచరీ ఆవిడ కేకకి కిటికీ అద్దం అదిరింది. “సరిగ్గా ఇదే! రాయిలా కూర్చుంటుంది!”

కోడలు పరీక్ష బటన్ నొక్కింది. ఆకుపచ్చ దీపం ఆరింది. అంకె ఒక్క దూకు దూకి అరవై ఎనిమిది దగ్గర నిలబడింది. సెన్సర్ని చల్లటి నీళ్ళ గ్లాసులో వేస్తే గబగబా దిగొచ్చింది. ఇరవై ఆరు. బటన్ వదిలేసింది. దీపం వెలిగింది. మళ్ళీ టీలో ముంచింది.

ఇరవై ఆరు. కదలదు, మెదలదు.

మావగారు అక్కడే ఉన్న డబ్బా మీద కూలబడ్డారు. ఇరవయ్యేళ్ళలో ఆయన పాస్ చేసిన పెట్టెలన్నీ ఆయన కళ్ళముందు వరసగా నడిచివెళ్తున్నట్టున్నాయి.

కోడలు స్క్రూడ్రైవర్ తీసింది. నాలుగు మరలూ ఊడదీసి మూత ఎత్తింది. అగ్గిపెట్టెంత బోర్డు, రెండు పక్కలా దువ్వెన పళ్ళలా పిన్నులు. సెన్సర్ తీగ వచ్చిన దారిని వేలితో పట్టుకుంటూ వెళ్ళింది. వేలు ఆగింది.

“ముప్పై నాలుగో పిన్నుకి కదా నేను గీసిచ్చింది. నాలుగుకి ఎవరు పెట్టారు?”

తీగ మాత్రం చూడముచ్చటగా ఉంది. గీత గీసినట్టు తిన్నగా ఉంది. అంత తిన్నగా తీగ లాగే మనిషి ఆ వర్క్‌షాపులో ఒక్కడే.

“అదీ… కొత్త పెట్టెలకి సెన్సర్ రంధ్రం అవతలి పక్క వచ్చింది,” స్కేలుబాబు నేలచూపులు చూస్తూ అన్నాడు. “నువ్వు గీసినట్టు పెడితే తీగ బోర్డుకి అడ్డంగా, దరిద్రంగా పోతోంది. అవతలివైపు దగ్గర్లో నాలుగు ఖాళీగా ఉంది. నీ ప్రోగ్రాంలో ముప్పై నాలుగు అని ఉన్నచోట మూడు కొట్టేశాను. ఒక్క అంకె! నాన్న పరీక్షలో బ్రహ్మాండంగా పాసైంది.”

“నాకు చెప్పాలనిపించలేదా?”

“మూడు కొట్టెయ్యడానికి కూడా నీ పర్మిషనా అనిపించింది.”

“నువ్వు కొట్టేసింది మూడు కాదు. మూడువేలు!”

ఆ దెబ్బకి స్కేలుబాబు మెడ వాలిపోయింది. వైరు తిన్నగా పోవాలని చూసినందుకు ఇంటినిండా వైరం.

కోడలు అందరికీ వినపడేలా, ఆగి ఆగి చెప్పింది. “వినండి. ఈ బోర్డుకి ఇలాంటి సెన్సర్ని చదివే పిన్నులు రెండు గుంపులు. మొదటి గుంపు ఎప్పుడూ మనదే. రెండో గుంపు గాలి సిగ్నల్‌కీ మనకీ ఉమ్మడి. సిగ్నల్ నడుస్తున్నంతసేపూ అది మనకి పలకదు. ముప్పై నాలుగు మొదటి గుంపు, నాలుగు రెండో గుంపు. బోర్డుతో వచ్చిన కాగితాల్లో రాసే ఉంటుంది. బోర్డు తప్పేమీ లేదు.”

“పిన్ని ఎందుకు పలకదమ్మా?” అన్నారు అత్తగారు.

“పిన్ను, అత్తయ్యా.”

“ఓహో. మీ మావయ్య ఫోన్లో ఉన్నప్పుడు నేను పిలిస్తే పలకనట్టు.”

“అచ్చం అంతే. మావయ్య ఫోను పెట్టేయించి పరీక్షిస్తారు. పిలవగానే పలుకుతుంది. పాస్!”

మావగారు తల ఎత్తలేదు. కానీ హేచరీ ఆవిడ తల ఊపలేదు. పెట్టె వైపే చూస్తోంది. చూసి చూసి అడిగింది.

“అమ్మాయ్, నాకు పిన్నులూ పిన్నమ్మలూ తెలీదు. పలకనిది పలకలేదని చెప్పొచ్చుగా? ‘నాకు కనపడట్లేదు’ అని ఒక్క కేక పెడితే పరిగెత్తుకెళ్ళేదాన్నిగా? ముప్పై ఏడున్నర అని ఎందుకు చెప్పింది? ఆ అంకె ఎక్కడినుంచి తెచ్చింది?”

కోడలు జవాబు చెప్పబోయింది. చెప్పబోయి ఆగింది. అప్పటిదాకా ఆ గదిలో తన కోపమొక్కటే న్యాయమైన కోపమనుకుంటోంది.

“నేను చెప్పమన్నాను,” అంది.

“ఏంటీ?”

“అప్పుడప్పుడు ఏ సెన్సరైనా ఒక్క క్షణం తడబడుతుంది. అప్పుడు తెరమీద గీతలు వస్తున్నాయని కొన్నవాళ్ళు విసుక్కునేవారు. అందుకని, చదవడం కుదరకపోతే చివరిసారి చదివిన అంకెనే చూపించమని రాశాను. ఒక్క క్షణం కోసం రాశాను. ఎంతసేపు అని హద్దు పెట్టలేదు. కరెంటు ఇవ్వగానే, సిగ్నల్ అందుకునేలోపు మీ పెట్టె ఒక్కసారి నిజంగా చూసింది. అప్పుడు ముప్పై ఏడున్నర ఉంది. తర్వాత ఇంకేమీ చూడలేదు. ఆ పాత నిజాన్నే కొత్తగా చెప్తూ కూర్చుంది. అలా చెప్పమని నేర్పింది నేనే.”

హేచరీ ఆవిడ ముగ్గురినీ వరసగా చూసింది. “బాగుంది. ఒకడు తీగ అందంగా ఉండాలన్నాడు. ఒకాయన బల్ల మడి కట్టుకోవాలన్నాడు. నువ్వు తెర అందంగా కనపడాలన్నావు. ముగ్గురూ ఎవరి పని వాళ్ళు శుభ్రంగా చేశారు. నా పిల్లలు లోపల ఉడికాయి.”

తిడితే బాగుండేది. ఆవిడ తిట్టలేదు. ట్రేలోంచి ఒక గుడ్డు తీసి అరచేతిలో పెట్టుకుంది.

మావగారు డబ్బా మీంచే అన్నారు. “బల్ల… నువ్వు ఖాళీ చెయ్యక్కర్లేదులే.”

“బల్ల సంగతి తర్వాత మావయ్యా!” కోడలు కసిరింది. కసిరి స్కేలుబాబు వైపు తిరిగింది. “మూడు కొట్టేసింది ఈ ఒక్క పెట్టెలోనేనా?”

స్కేలుబాబు పక్కనున్న మూతల గుట్ట వైపు చూశాడు.

“కొత్తరకం పెట్టెలన్నిట్లో.”

“ఎన్ని?”

“ఈవిడదాంతో కలిపి నలభై ఒకటి.”

గదిలో ఉన్నవాళ్ళందరికీ అప్పుడర్థమైంది, కథ గుడ్లతో అయిపోలేదని. కోడలు సరుకు పంపిన పుస్తకం లాగి పేజీలు తిప్పింది. పైకి చదివింది. పూలు దాచే చల్లగదులకి తొమ్మిది. పాల డిపోలకి పద్నాలుగు. చేపల గోడౌన్లకి ఏడు. మందుల దుకాణాలకి ఎనిమిది. ఆఖరి వరసలో రెండు. అక్కడ ఆమె వేలు ఆగిపోయింది. పైకి చదవలేదు. మావగారు లేచొచ్చి భుజం మీంచి చూసి తనే చదివారు.

“పిల్లల ఆసుపత్రి. రక్తం నిలవ గది.”

కోడలు అప్పటికే నంబరు నొక్కేసింది. స్పీకర్ పెట్టింది. నాలుగు మోతల తర్వాత అవతల నర్సమ్మ ఎత్తింది. పెట్టె సంగతి అడగ్గానే ఆమె గొంతు విచ్చుకుంది.

“మీరా అమ్మా! చాలా రోజుల నుంచి మీకు ఫోన్ చేసి మెచ్చుకుందామనుకుంటున్నాను. పాత పెట్టెలైతే అంకె ఊరికే పైకీ కిందకీ ఊగేది, ప్రాణం తీసేది. మీది బంగారం. పెట్టిన రోజు నాలుగు పాయింట్ రెండు. ఇవాళ్టికీ నాలుగు పాయింట్ రెండే. రెండు నెలలైంది, ఒక్కసారి కదిలితే ఒట్టు!”

హేచరీ ఆవిడ చేతిలోని గుడ్డుని ట్రేలో పెట్టేసి, “ఆసుపత్రికి పద, అమ్మాయ్,” అంటూ బండి తాళాలు తీసింది.